అద్దం మందంలో మా ఆయన

మా ఆయన అద్దం మందంలోకి వెళ్ళిపోయాడు. మరక అక్కడ ఉంది కాబట్టి వెళ్ళాడు. లోపలివైపూ కాదు, బయటివైపూ కాదు, రెండింటి మధ్యన ఉన్నాడు. చేతిలో తడిగుడ్డ ఉంది, నెత్తిన మంకీ టోపీ ఉంది. వెళ్ళేముందు పెళ్ళాంతో ఒక మాట చెప్పాలన్న బుద్ధి మాత్రం లేదు.

మేమిద్దరం లంబసింగిలో గెస్ట్‌హౌసుల కిటికీ అద్దాలు తుడుస్తాం. ఆయన లోపల నిలబడతాడు, నేను బయట నిలబడతాను. ఆయన చేతికి ఎదురుగా నా చెయ్యి పెట్టి ఇద్దరం ఒకేసారి పైనుంచి కిందికి దిగుతాం. ఈ పనికి అదే పద్ధతి. అయినా ఎక్కడో ఒక మరక మిగులుతుంది. ఆయన వేలు పెట్టి "నీ వైపుందే" అంటాడు. నేను "నీ వైపే" అంటాను. గోరుతో గీకి చూపిస్తాను. ఆయనా గీకి చూపిస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఈ గొడవకి నవ్వొచ్చేది. ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఈ పొద్దున ముందుగదిలో, కొండ కనబడే నిలువెత్తు అద్దంలో, బొట్టుబిళ్ళంత మరక మిగిలింది. ఆయన అటు వంగి చూశాడు, ఇటు వంగి చూశాడు. "నీదీ కాదు నాదీ కాదే, మద్దెలుంది" అన్నాడు. పొట్టి గుమ్మంలోకి దూరినట్టు తల వంచి లోపలికి దూరాడు. నేను "ఆగు మావా" అనేలోపే కాలు కూడా లాక్కున్నాడు.

ఇప్పుడు నాకు పక్కగా తిరిగి నిలబడి ఉన్నాడు. చోటు తక్కువ కదా, కాస్త పలచబడ్డాడు. మరక తుడుస్తున్నాడు. అద్దం అంచుల నుంచి మంచు పేరుకుంటూ ఆయన మోకాళ్ళ దాకా వచ్చింది. ఆయనకది పట్టలేదు. పనిలో ఉంటే ఆయనకి ఏదీ పట్టదు, ఆకలి తప్ప.

మంచు మొత్తం మూసుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. పక్క అద్దంలో ఒక జింక ఉంది. నిన్నటిదాకా అది తోటలో తిరిగేది. ఇవాళ బాత్రూం అద్దాల మీద పువ్వుల్లాగా తెల్లటి డిజైను అయిపోయింది. బాగానే ఉంది, అతిథులు ఫొటోలు తీసుకుంటున్నారు. నాకు డిజైను వద్దు. నాకు మా ఆయన కావాలి.

నేను గీజర్ దగ్గరికి పరిగెత్తుతాను. చలికాలంలో ఇక్కడ చన్నీళ్ళు కొడితే తుడిచేలోపే అద్దం మీద గడ్డకడతాయి. అందుకని గ్యాస్ గీజర్ మోసుకు తిరుగుతాం. స్టాండు మీద ఇనప డబ్బా, పక్కన చిన్న సిలిండరు, ట్యాంకు కుళాయి నుంచి దానికి ఒక ట్యూబు, దాన్నుంచి నా చేతికి ఇంకో ట్యూబు. దీన్ని ఎప్పుడూ బయటే పెట్టాలి, గదిలో పెడితే గ్యాసుకి ఊపిరాడక చస్తారు. వెచ్చగా ఉంటుంది, లోపల పెట్టుకుంటానని మా ఆయన ప్రతి ఏడూ గోల చేస్తాడు. నేను ప్రతి ఏడూ అడ్డం పడతాను. గ్యాసు నుంచి కాపాడుకొస్తే ఈయన అద్దంలో దూరాడు.

మీట నొక్కుతాను. టక్ టక్ టక్. మంట రాదు. మళ్ళీ నొక్కుతాను. గీజర్ దగ్గుతుంది, గొంతు సవరించుకుంటుంది, తీరిగ్గా వెలుగుతుంది. దీనికీ మా ఆయనకీ ఎక్కడో చుట్టరికం ఉంది.

వేడి పెంచే మర మీద నిన్నటిదాకా అంకెలు ఉండేవి. ఇవాళ నెలలు ఉన్నాయి. ముల్లు పుష్యం దగ్గర ఉంది. మాఘానికి తిప్పుతాను. రేగుపళ్ళ వాసనతో నులివెచ్చటి నీళ్ళు వస్తాయి. ఫాల్గుణానికి తిప్పుతాను. నీళ్ళతోపాటు మామిడిపూత రాలుతుంది. అక్కడే ఆపుతాను. చివరికొసన ఎర్రగా రోహిణీ కార్తె అని ఉంది, దాని జోలికి పోకూడదు. చల్లబడిన అద్దం మీద మరీ వేడినీళ్ళు పడితే పగులుతుంది. ఇదివరకు అద్దం పగిలితే తిట్లు పడేవి. ఇప్పుడు పగిలితే మా ఆయన పగులుతాడు.

ఫాల్గుణం నీళ్ళు పైనుంచి కొడతాను. మంచు మోకాళ్ళ నుంచి పిక్కల్లోకి జారుతుంది. మా ఆయన ముక్కు ఎర్రబడుతుంది. పెదాలు కదులుతాయి. మాట కాసేపటికి వస్తుంది, పక్కింట్లోంచి వచ్చినట్టు.

"అలాక్కాదే. మూలల్నించి కొట్టు."

"నువ్వు నాకు పని నేర్పకు మావా. బయటికి రా."

"మరక పోనేదు."

"మరక సంగతి తరవాత. ముందు నువ్వు రా!"

"పని మద్దెలో ఒగ్గీసి ఎలాగొస్తానే?" అంటాడు.

ఏం చెప్పను ఈ మనిషికి? పిక్కల్లోతు మంచులో దిగి పని గురించి పాఠాలు చెబుతున్నాడు.

ఇంతలో గెస్ట్‌హౌస్ మేనేజరు భీష్మారావు గారు మఫ్లరు చుట్టుకుని వస్తారు. అద్దం వైపు చూస్తారు, నా వైపు చూస్తారు.

"ఏటమ్మా ఇది? గెస్టులు కొండ సూడ్డానికొచ్చేరు. కొండకడ్డంగా మీ ఆయనేటి?"

"రమ్మంటే రావట్లేదండీ."

"ఏ వైపుకి రమ్మన్నావు?"

"ఏ వైపుకైనా సరేనండీ."

ఆయన గడ్డం గోక్కుంటారు. "అలాగైతే ఎలాగొస్తాడు? ఒక వైపు సెప్పాలి గదా. లోపలికొద్దు, తివాచీ తడుస్తాది. బయటికే రమ్మను." అది చెప్పి, లోపలికి వెళ్ళి కర్టెన్ వేసేస్తారు. కర్టెన్ వేస్తే ఇక సమస్య లేనట్టే ఆయనకి. నా పని ఇంకా కష్టమవుతుంది, వెనక ఎర్రటి గుడ్డ పడేసరికి మా ఆయన ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వస్తోంది.

ట్యాంకులో నీళ్ళు తగ్గుతున్నాయి. ధార సన్నబడుతుంది. ధార సన్నబడితే గీజర్ నీళ్ళు వేడెక్కుతాయి, అది దాని గుణం. నేను చూసుకునేలోపే ముల్లు దానంతటదే చైత్రం దాటి వైశాఖంలో పడుతుంది. ట్యూబులోంచి కోయిల కూస్తుంది. నా వేళ్ళు కాలతాయి. అద్దం టిక్కుమంటుంది.

మా ఆయన చొక్కా చేతి దగ్గర వెంట్రుకంత గీత.

ట్యూబు పక్కకి విసిరేస్తాను. కోపంతో అనుకుంటాను గానీ భయంతోనే ఏడుపొస్తోంది. ఆయన ఆ గీతని జాగ్రత్తగా చూస్తాడు, వేలితో తడుముతాడు.

"ఇది నీ వైపా నా వైపా?" అంటాడు.

పెళ్ళయిన దగ్గరనుంచి మొదటిసారి, ఆయన అన్నదానికి నేను ఏమీ అనను. గట్టిగా అరిస్తే కూడా ఆ గీత పెరుగుతుందేమోనని నోరు మూసుకుని నిలబడతాను.

ఆయన కాసేపు ఎదురుచూస్తాడు. తరవాత అటు తిరుగుతాడు. నడవడం మొదలుపెడతాడు. అద్దం మందం నా వేలంత కూడా ఉండదు, అయినా ఆయన అందులో దూరం వెళుతున్నాడు. వీపు కనిపిస్తోంది. వీపు చిన్నదవుతోంది. పొలం అవతలి గట్టు మీద మనిషంత అయ్యాడు. ఎటు రావాలో ఆయనకి తెలియడం లేదు. నా తిట్లు ఎటునుంచి వస్తే అదే ఇంటి దారి అని ఇన్నాళ్ళూ గుర్తు పెట్టుకున్నాడు కాబోలు, పిచ్చి మనిషి.

"ఓరి నాయనోయ్! ఎటెళ్ళిపోతున్నావ్ మావా? అటేముంది, మీ తాతలు దాచిపెట్టారా? కళ్ళెక్కడ పెట్టుకున్నావు? ఇటు చూడు. ఇటు! సిగ్గూ శరం లేకుండా పెళ్ళాన్ని చలిలో నిలబెట్టి ఊరేగుతున్నావా?"

వీపు ఆగుతుంది. తిరుగుతుంది. "ఆ, ఇటేటి?" అని నడుస్తాడు.

నేను ఆపను. తిడుతూనే ట్యూబు అందుకుని ధార సరిచేస్తాను, ముల్లు ఫాల్గుణానికి లాగుతాను, గీత మీద పడకుండా చుట్టూ కొడతాను. ఆయన పెద్దవాడవుతున్నాడు. మీసాలు కనిపిస్తున్నాయి. మామిడిపూత నా పాదాల మీద కుప్ప పడుతోంది. అద్దం మెల్లగా తాటిముంజెలా మెత్తబడుతుంది. ఊదా రంగు తిరిగిన వేళ్ళు అందులోంచి బయటికి వస్తాయి.

పట్టుకుంటాను. ఐసుముక్కలా ఉంది చెయ్యి. లాగుతాను. మణికట్టు వస్తుంది, మోచెయ్యి వస్తుంది. భుజం రావాలి. భుజానికి బదులు ఇంకాస్త చెయ్యి వస్తుంది.

గీజర్ బుస్సుమని ఆరిపోతుంది. సిలిండరు ఊపి చూస్తాను. ఖాళీ. చెయ్యి చుట్టూ అద్దం బిగుసుకుంటుంది, కానీ చెయ్యి మాత్రం నేను లాగినకొద్దీ వస్తూనే ఉంది. ఇంకేం చేస్తాను? లాగుతాను. పోర్టికో నిండా చెయ్యి. పూలకుండీల చుట్టూ చెయ్యి. భీష్మారావు గారు కర్టెన్ సందులోంచి తల పెడతారు.

"ఇక్కడ కుప్పెయ్యొద్దమ్మా, కార్లు తియ్యాల. రోడ్డు మీదికి తీసుకెళ్ళు."

తీసుకెళతాను. మా ఆయన చెయ్యి పట్టుకుని గేటు దాటి ఘాట్ రోడ్డు దిగుతాను. పెళ్ళిపందిట్లో తప్ప ఆయన ఎప్పుడూ నలుగురి ముందు నా చెయ్యి పట్టుకోలేదు. ఇప్పుడు చూడండి, రోడ్డు పొడుగునా. మలుపు తిరిగిన చోటల్లా చెయ్యి కూడా మలుపు తిరుగుతోంది. నేను తిట్టడం ఆపలేదు. గొంతు బొంగురుపోయింది. వెనక మంచులో గెస్ట్‌హౌస్ కనబడదు.

కింద నుంచి బస్సు వస్తుంది. డ్రైవరు హారన్ కొడతాడు. కొట్టి కొట్టి దిగుతాడు.

"ఏటమ్మా, రోడ్డుకడ్డంగా?"

"మా ఆయన వస్తున్నాడు. ఆగండి."

"ఎందాకొచ్చేడు?"

"చెయ్యి వచ్చింది."

డ్రైవరు ఆలోచిస్తాడు. "సెయ్యొచ్చిందంటే మరి వచ్చినట్టే గదా" అని బస్సు ఆపు చేస్తాడు. జనం ఒక్కొక్కరే దిగుతారు. దుప్పట్లు, స్వెట్టర్లు, బుట్టల్లో కోళ్ళు. రోడ్డు పక్కన వరసగా కూర్చుని, ఎవరికి అందిన చెయ్యి వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని అరచేతులతో రుద్దుతారు. జలుబు చేసిన పిల్లల కాళ్ళు రుద్దినట్టు రుద్దుతున్నారు. ఎవరూ నన్నేమీ అడగరు.

చుట్ట కాల్చుకుంటున్న ఒక ముసలమ్మ మాత్రం నా వైపు చూస్తుంది. "ఒలమ్మ, ఇంత సల్లగుందేటే! పిల్చినావా?"

"ఇందాకటినుంచి పిలుస్తూనే ఉన్నానమ్మా."

"ఏటని?"

"మావా అని."

"మావా అంటే ఎవుడొస్తాడే? ఈ బస్సులో మొగోళ్ళందరూ ఎవుర్తికో ఒకర్తికి మావలే. పేరెట్టి పిలు."

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. రేషను కొట్లో అడిగినా, ఆసుపత్రిలో అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పించాను. ముసలమ్మకి ఆ సంగతి చెబుతాను.

"ఎంతుందని తగ్గడానికి?" అంటుంది ముసలమ్మ, చేతిని తట్టి చూసి.

నా గొంతు పూర్తిగా పోయింది. ఇక్కడి నుంచి అరిచినా ఆయనకి వినబడదు. అందుకని ఆయన అరచేతిని నోటి దగ్గరికి తెచ్చుకుంటాను. వంగి, అందులో చెబుతాను.

"దాలినాయుడు."

వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటాయి. పిడికిలి బిగుసుకుంటుంది. పేరు జారిపోకుండా పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి పోవడం మొదలుపెడుతుంది. చెవి ఎంత దూరాన ఉందో ఏమో, తొందరగా పోతోంది. నేను మణికట్టు వదలను. ముసలమ్మ నా కొంగు పట్టుకుంటుంది, డ్రైవరు ముసలమ్మని పట్టుకుంటాడు, జనమంతా ఒకరినొకరు పట్టుకుంటారు. అందరం ఘాట్ మీద పైకి జారుతున్నాం. చెప్పులు ఊడిపోతున్నాయి. బుట్టల్లో కోళ్ళు గోల పెడుతున్నాయి. బస్సు కూడా, లోపల ఎవరూ లేకుండా, మా వెనకే ఎక్కుతోంది.

"మెల్లగా, చచ్చినోడా, మెల్లగా!" అంటాను, గొంతు లేకుండానే.

మణికట్టు మంచులోకి దూరుతుంది. నా చేతులు మోచేతుల దాకా దూరతాయి. ఎక్కడో చాలా పైన, ఆయన చెవి దగ్గర, పిడికిలి విచ్చుకోవడం నా వేళ్ళకి తెలుస్తుంది.

"ఏటే?" అంటాడు మా ఆయన.

ఒక్క చోటి నుంచి కాదు. చెట్ల మీద నుంచి, లోయలోంచి, మంచు ఎంతవరకు ఉందో అంతవరకు అంటాడు, నిద్రలో లేపితే విసుక్కున్నట్టు. కొండంతా కప్పేసిన మంచు ఒక్కసారిగా మా వైపు తిరుగుతుంది. కాళ్ళు కూడదీసుకుని, మా ఆయన నడకతో దిగి వస్తుంది.