మే నెలలో స్వెట్టర్

కూతురు సారిక డ్యూటీ సంచి పార్వతీబాయే సర్దింది. రొట్టెల డబ్బా, నీళ్ళ సీసా, ఉతికిన యూనిఫాం పెట్టింది. స్వెట్టర్ మాత్రం ఒళ్ళో దాచుకుని, పైన బీడీల చాట పెట్టుకుని కూర్చుంది.

"నా స్వెట్టర్ ఏదమ్మా?"

"సోలాపూర్ మొత్తం ఉడుకుతుంటే నీకొక్కదానికే చలా?"

"ఐసీయూల ఏసీ ఉంటదే."

వారం రోజులుగా ఇదే మాట. ఏసీ లేని ఇంట్లో కూడా పిల్ల చేతులు కప్పుకునే తిరుగుతోంది. సారిక వంగి చాట లాగబోతే కుర్తా చెయ్యి పైకి జరిగింది. మోచేతి కింద ఐదు వేళ్ళ ముద్రలు నేరేడుపండు రంగులో కనిపించాయి.

"ఎవడే వాడు?"

"ఓ పేషంట్ వాళ్ళన్న. తమ్ముడు చచ్చిపోయిండని నా చెయ్యి మెలేసిండు."

"పెద్దోళ్ళకు చెప్పలేదా?"

"చెప్తే, ముందు నువ్వు వాన్నేమన్నవ్ అంటరు. చల్తా హై అమ్మా. నర్సు నౌకరీ అంటే గింతే."

స్వెట్టర్ లాక్కుని వెళ్ళిపోయింది. పార్వతీబాయికి అనుమానం పోలేదు. పరాయివాడు చెయ్యి మెలేస్తే ఆడపిల్ల ఇంత తాపీగా చెబుతుందా? ఎవణ్ణో వెనకేసుకొస్తోంది.

మధ్యాహ్నం కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, వాణ్ణి పట్టుకుందామని అశోక్ చౌక్‌లో ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్ళింది. వెనక మెట్ల మీద నలుగురు నర్సులు డబ్బాలు విప్పుకుని తింటున్నారు. అక్కడ ఏసీ లేదు, ఫ్యాన్ కూడా లేదు. సారికతో కలిపి నలుగురికీ నిండు చేతుల స్వెట్టర్లే.

పార్వతీబాయికి తెలిసిన దారి ఒక్కటే. కార్ఖానాలో సరుకు చూసే చెకర్ బాగాలేవని బీడీలు ఎక్కువగా తీసి పారేస్తే, ఆడవాళ్ళంతా కార్ఖానా గుమ్మానికి అడ్డంగా కూర్చుని అరుస్తారు. సాయంత్రానికి సేఠ్ దిగివస్తాడు. ఆమె వెళ్ళి ఆస్పత్రి గుమ్మంలో కూర్చుంది.

"నా బిడ్డ చెయ్యి మెలేసినోన్ని బయటికి పిలువుండ్రి! ఈ పోరిలందరివీ చేతులు చూడుండ్రి!"

ఆ అరుపు విని మెట్ల మీది మిగతా ముగ్గురు నర్సులూ డబ్బాలు మూసుకుని, స్వెట్టర్ చేతులు ఇంకా కిందికి లాక్కుని లోపలికి వెళ్ళిపోయారు.

మేట్రన్ సారికను పిలిచి రేపటినుంచి రావద్దంది.

ఇంటికొచ్చిన సారిక అరవలేదు. "ఒక్కతైనా నీ పక్కన కూసుందా అమ్మా?" అని అడిగి, అదే సంచిలో బట్టలు కుక్కింది. పుణెలో స్నేహితురాలు రూపాలి పనిచేసే ఆస్పత్రిలో ఖాళీ ఉందట.

"ఆడ కొట్టరా?"

"ఆడ కూడా కొడతరు. గని ఆడికి నువ్వు రావు."

సారిక మొహం కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు పార్వతీబాయి సంచిలోంచి స్వెట్టర్ తీసి చాట కింద పెట్టింది. దీనికోసమైనా వస్తుందనుకుంది.

సారిక 2023 మే 16, మంగళవారం సాయంత్రం పుణె బండికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. స్వెట్టర్ ఆ చాట కిందే ఉంది, లాగి లాగి కుడిచేతి అంచు సాగిపోయి.