అక్కర లేనివాడు

కుళ్ళాయమ్మ పేరు పీరు పెట్టిన పేరు. వాళ్ళమ్మ మొహర్రం నాడు తడిబట్టలతో కుళ్ళాయిస్వామి పీరు ముందు నిలబడి మొక్కుకుంటే పుట్టిన బిడ్డ. అలా మొక్కితే పుట్టిన మనిషికే కడుపు పండకపోవడం బత్తలపల్లె దూదేకుల వీధిలో అందరికీ వింతగా ఉండేది. మొగుడు ఫకీరప్పతో కలిసి ఊళ్ళు తిరిగి పరుపులు కుట్టేది. ఏ ఊరికి పోయినా అక్కడి దర్గాలో ఒక దారం కట్టి వచ్చేది.

తర్వాత దర్గాలు మానుకుంది. ధర్మవరం నుంచి మెహరున్ ఆపా శుక్రవారాలు వచ్చి, ఆడవాళ్ళందరినీ ఒక ఇంట్లో కూర్చోబెట్టి, మతం సంగతులు తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. పాతికేళ్ళు కూడా నిండని పిల్లే అయినా అందరికీ ఆపా, అంటే అక్క.

"మధ్యలో ఎవరూ వద్దు పెద్దమ్మా. నేరుగా అల్లానే అడుగు," అంది.

కుళ్ళాయమ్మ అలాగే అడిగింది. నమాజు అయ్యాక రెండు చేతులూ చాపి, ఇంటిమనిషితో మాట్లాడినట్టు తెలుగులోనే అడిగేది. మధ్యలో ఎండల సంగతీ, మోకాళ్ళ నొప్పుల సంగతీ కూడా చెప్పేది.

రెండువేల రెండులో వాన మొహం చాటేసింది. వేరుశెనగ ఊడలు దిగకముందే మాడిపోయింది. ఆ ఏడే కుళ్ళాయమ్మకు ముట్లు నిలిచిపోయాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చేతులు చాపడం మానలేదు. ఇంకేమడగాలో తెలియక పాత కోరికే కోరుతూ వచ్చింది.

ఒక శుక్రవారం ఆపా ఖురానులోని ఒక చిన్న సూరాకు అర్థం చెప్పింది. కుళ్ళాయమ్మ చిన్నప్పటి నుంచీ నమాజులో చదువుతున్నది అదే. అరబ్బీ మాటలు నాలుక మీద ఆడేవి గానీ, వాటిలో ఏముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"అల్లా ఒక్కడే. అందరికీ ఆయన కావల్ల, ఆయనకు ఎవరి అక్కరా లేదు. ఆయన ఎవరినీ కనలేదు, ఆయన్ను ఎవరూ కనలేదు. ఆయనకు సాటి వచ్చేవాళ్ళు లేరు."

"ఎవరినీ కనలేదా?" అని అడిగింది కుళ్ళాయమ్మ.

"లేదు పెద్దమ్మా."

"కనల్లని కూడా ఉండదా ఆయనకు?"

ఆపా తడబడింది. "ఆయన్ను మనతో పోల్చకూడదు పెద్దమ్మా. మనకు లేకుంటే లోటు. ఆయనకు లోటనేదే లేదు."

ఇంటికొచ్చి ఫకీరప్ప దగ్గర కూలబడింది. "పీర్లయితే యుద్ధంలో బిడ్డల్ని పోగొట్టుకున్నోళ్ళు. ఆళ్ళకు చెప్పుకుంటే తెలుస్తాదని అనుకుంటి. ఈయనకు అమ్మ లేదు, బిడ్డ లేదు. ఏ లోటూ లేనోనికి నా లోటు ఎట్ల తెలుస్తాది?"

ఫకీరప్ప దూదిలో పుల్లలు ఏరుతూ తల ఎత్తలేదు. "నాకేం తెలుసే. నువ్వు అడుగుతాంటే పక్కన కూచోని ఆమీన్ అంటాంటి. అంతే."

మరుసటి రోజు నుంచి ఆమె నమాజు వదిలేసింది. కోపం ఉన్నన్నాళ్ళూ బాగానే గడిచింది. కోపం చల్లారాక కష్టమైంది. మసీదు నుంచి బాంగు వినబడితే చేతిలో పని ఆగిపోయేది. ఈ పొద్దు కూడా నీళ్ళ ట్యాంకరు రాలేదు చూడు అని లోపల చెప్పబోయి, ఎవరితో చెబుతున్నానని ఊరుకునేది. బిడ్డ లేని ఇల్లు ఆమెకు అలవాటే. ఈ వెలితి మాత్రం అలవాటు కాలేదు.

ఎండాకాలంలో ఊరి చివర బయ్యన్న ఇంటికి పాత పరుపులు తిరగకుట్టడానికి పోయారు. దారం అయిపోతే ఫకీరప్ప బజారుకు పోయాడు. బయ్యన్న భార్య చెన్నమ్మ గడప మీద కూర్చుని మాటలు పెట్టుకుంది. మధ్యాహ్నం బాంగు వినిపించింది.

"నమాజుకు లేయలేదేమి?" అంది చెన్నమ్మ.

"మానేసినా అక్కా." ఎందుకో కూడా చెప్పింది.

చెన్నమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "మా దేవుళ్ళకు పెండ్లాలుండారు, బిడ్డలుండారు. అలుగుతారు, కొట్లాడుకుంటారు. మీ ఆయన ఒక్కడేనా? పాపం, ఎట్ల పొద్దుపోతాదో."

కుళ్ళాయమ్మ సూది ఆగింది. పాపం అనే మాట ఊరు తనను అనేది. ఇన్నేళ్ళుగా విని విని దానికి మొద్దుబారిపోయింది. అదే మాట ఆయన్ను అనేసరికి ఓర్చుకోలేకపోయింది.

"పాపమేమిటికక్కా. తోడు కావల్లని ఏడ్చేవాడు ఒంటిగాడు. ఆయన అట్ల కాదు. ఆయనకు లేనిదేమీ లేదు. ఆయన కావల్సింది మనకు." సూదిని పరుపుకు గుచ్చింది. "నాకు కావల్ల," అంది మెల్లగా.

అన్నాక ఆ మాట తనకే కొత్తగా వినబడింది. బిడ్డ కోసమని తలుపు తట్టీ తట్టీ, లోపల ఉన్నవాడి మీదే బెంగ పెట్టుకున్నట్టుంది. ఆ బెంగ బిడ్డ ఆశతో పాటు పోలేదు. పరుపు పక్కకు నెట్టి లేచింది.

"కాళ్ళు కడుక్కోను ఒక చెంబు తీసుకో," అంది చెన్నమ్మ.

"అవి తాగే నీళ్ళక్కా. నీళ్ళు లేనప్పుడు మాకు మట్టి చాలు."

పశువుల కొట్టం వెనక నీడలో శుభ్రమైన చోటు చూసుకుంది. అరచేతులు మట్టికి ఆనించి, దులిపి, మొహమూ చేతులూ తుడుచుకుంది. నమాజులో ఆ సూరా దగ్గరికి వచ్చేసరికి నాలుక నిదానించింది. ఎవరి అక్కరా లేనివాడు అనే మాటను మళ్ళీ ఒకసారి చదివింది. నుదురు మట్టికి ఆనించి లేచి, చివర చేతులు చాపింది. అడగడానికి ఏమీ లేదు. అయినా దించబుద్ధి కాలేదు. వేడిగాలి కొట్టం మీది బోదగడ్డిని కదిలించి పోయింది. ఎవరూ పలకలేదు.

తిరిగొచ్చాక చెన్నమ్మ అడిగింది. "అంతసేపు ఏమడిగితివి?"

"ఏమీ అడగలేదక్కా. ఆయన ఎట్లుంటాడో నాకు తెల్దు. నేను ఈడుండానని చెప్పి వస్తి."

"ఇన్నాడా?"

"ఇన్నాడనే అనుకుంటాండా."

చెన్నమ్మ లోపలికి పోయి జొన్నరొట్టె తెచ్చిపెట్టింది. ఫకీరప్ప దారపు ఉండతో వచ్చాడు. భార్య మొహం చూశాడు.

"నుదుటన మన్నుండాది, తుడుచుకో," అన్నాడు.

"ఉండనీలే," అంది కుళ్ళాయమ్మ.