కొక్కేనికి తగిలించినవన్నీ

మంచినీళ్ళ క్యాను అయిపోయిందన్న సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుస్తుంది, మార్చడం మాత్రం ఒక్కరికే వచ్చు.

"నీళ్ళు రావట్లేదు," అన్నాడు భర్త. ఆజ్ఞా కాదు, ఫిర్యాదూ కాదు, వార్తలు చదివినట్టు చెప్పి, ఖాళీ గ్లాసు కుళాయి కిందే వదిలేసి వెళ్ళి సోఫాలో కూర్చున్నాడు. ఆమె స్టవ్ తగ్గించి వచ్చింది. గుమ్మం దగ్గరున్న కొత్త క్యానుని దొర్లించుకొచ్చి, కడుపుకి ఆనించుకుని, మోకాలు అడ్డం పెట్టి, ఒక్క ఊపులో ఎత్తి బోర్లించింది. ఎడమ భుజంలో సూది గుచ్చి మెలిపెట్టినట్టయింది. ఎంత ఆపుకుందామన్నా "అబ్బా" అనేసింది.

"చూశావా? మొన్న పెళ్ళికి ఆ కెమెరాలన్నీ మోసుకెళ్ళావుగా, దాని ఫలితం. మానెయ్యరాదూ అంటే వినవు," అన్నాడు భర్త సోఫాలోంచే. గ్లాసు నింపుకోవడానికి మాత్రం లేచి వచ్చాడు.

పెళ్ళిళ్ళలో ఆమెను అందరూ కెమెరా మేడమ్ అంటారు. ఏడేళ్ళుగా చేస్తున్న పని. రెండు కెమెరాలు లేనిదే పెళ్ళికి వెళ్ళదు. ఒకదానికి హాలంతా పట్టే పొట్టి లెన్సు, రెండోదానికి దూరం నుంచి మొహాలు పట్టుకునే పొడుగు లెన్సు. పెళ్ళిలో లెన్సు మార్చుకునే తీరిక ఎవరిస్తారు? పెళ్ళికూతురి తండ్రి కళ్ళు తుడుచుకునేది ఒక్కసారే, "మళ్ళీ ఒకసారి ఏడవండి బాబాయ్‌గారూ" అనలేం కదా. అందుకని ఒక కెమెరా మెడలో, ఇంకోటి భుజాన, రెండో భుజానికి లెన్సుల సంచి. సంచి జారుతుంది, ఎగదోసుకుంటుంది, ఆ ఎగదోసుకునే క్షణంలోనే ఎవరో ఎవర్నో కావలించుకుంటారు. పోనీ సంచి కింద పెడదామంటే, ఒకసారి కుర్చీ కింద పెట్టినందుకు ఒక పెద్దమనిషి భోజనం అయ్యేదాకా దానిమీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. వీడియో తీసే ఆయన జాలిగా, "చిన్న కెమెరా ఒకటి కొనుక్కోండి మేడమ్, ఎందుకొచ్చిన తిప్పలు," అంటాడు. ఆయన సామాను మొయ్యడానికి ఇద్దరు వస్తారు. "మగవాళ్ళెవరూ తోడు రాలేదామ్మా?" అని అడగని పెళ్ళి ఆమె ఇంతవరకు చూడలేదు.

ఇంట్లో మగవాడి సలహా ఇంకో రకం. "ఆడవాళ్ళకి సరిపడే ఫొటోలుంటాయిగా, పసిపిల్లలవీ, కేకులవీ. అవి ఇంట్లో కూర్చుని తీసుకో, ఎవరొద్దన్నారు?" ఆయన ఆఫీసుకి మోసుకెళ్ళేది ఒక్క ల్యాప్‌టాప్. దానికి వీపున తగిలించుకునే సంచి, ఆ సంచికి రెండు భుజాలకీ మెత్తటి పట్టీలు. ఆ పట్టీలు చూసి చూసి, పోయిన నెల ఆమెకి ఒళ్ళు మండింది. బరువు రెండు భుజాల మీదా సమానంగా పడాలని లోకానికంతా తెలుసు, తనకి చెప్పేవాళ్ళే లేరు.

అప్పుడే వెతికి వెతికి తోలుపట్టీలు తెప్పించుకుంది. రెండు భుజాల మీంచి దిగి, వీపు మధ్య కలుసుకుని, రెండు తుంటి పక్కలా కొక్కేలతో ఆగే పట్టీలవి. చెరో పక్కా ఒక కెమెరా వేలాడుతుంది. కావలసినది ఎత్తి ఫొటో తీసి వదిలేస్తే దాని చోటుకి అదే వెళ్ళిపోతుంది. అంతా బాగానే ఉంది గానీ, దాన్ని కుట్టినవాడు ఆడమనిషిని కలలో కూడా చూసినట్టు లేడు. ముందు అడ్డంగా బిగించే పట్టీ సరిగ్గా పడకూడని చోటే పడింది. వీధి చివర సంచులు బాగుచేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్తే, అటూ ఇటూ తిప్పి చూసి, "గుర్రానికాండీ?" అన్నాడు.

"గుర్రమైతే ఇన్ని పనులు చెయ్యదు బాబూ."

ఆయన నవ్వి, ఆమె చెప్పినట్టే అడ్డపట్టీ విప్పి నాలుగు వేళ్ళు పైకి జరిపి కుట్టాడు. "రెండు పక్కలా బరువు సరిసమానంగా ఉండాలమ్మా. లేకపోతే మళ్ళీ ఒకవైపే లాగుతుంది," అని చెప్పి పంపాడు. ప్రయాణాల్లో పెట్టెలు తూచుకునే కొక్కెం త్రాసు ఆమె అందుకే కొంది. పొట్టి లెన్సు పక్క తేలిందని చూసి, బ్యాటరీల సంచీ అటు తగిలించింది. రెండు పక్కలూ కలిసి నాలుగు కిలోల రెండు వందలు. అవి వేసుకుని ఇంట్లో ఒక గంట తిరిగింది. మెడ మీద ఏమీ లేదు. చేతులు తేలిగ్గా ఉన్నాయి. తలుపు వెనక నిలువుటద్దంలో చూసుకుంటే మొదటిసారి తిన్నగా నిలబడ్డ మనిషి కనిపించింది.

"పెళ్ళికా, దోపిడీకా?" అన్నాడు భర్త.

"బాగానే ఉందిలే," అంది అత్తగారు. "చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా, ఆ బట్టల బకెట్ మేడ మీదికి తీసుకెళ్ళు."

తీసుకెళ్ళింది. ఎంత కోపం వచ్చినా తడిబట్టలు తడిబట్టలే కదా.

భుజం నొప్పికి ఫిజియో దగ్గరికి వెళ్ళినప్పుడు భర్త కూడా వచ్చాడు. అదొక వింత. ఆవిడ ఏం అడిగినా ఆయనే జవాబు చెప్పాడు. "కెమెరాల బరువండీ. మీరైనా చెప్పండి మానెయ్యమని." ఫిజియో ఆయన వంక చూడనైనా చూడకుండా ఆమెకి ఒక తెల్లకాగితం ఇచ్చింది. "ఈ చేత్తో ఏమేం ఎత్తుతారో, రోజుకెన్నిసార్లు ఎత్తుతారో వారంపాటు రాసుకురండి. బరువు సుమారుగా చాలు."

సుమారెందుకు, కొక్కెం త్రాసు ఇంట్లోనే ఉంది. మర్నాటి నుంచి ఎత్తిందల్లా ముందు కొక్కేనికి తగిలించింది. నీళ్ళ క్యాను ఇరవై కిలోల పైచిలుకు, రెండు రోజులకొకటి. తడిబట్టల బకెట్ పద్నాలుగు, రోజూ రెండంతస్తులు. సరుకుల సంచులు చెరో ఏడు. నిద్రపోయిన కూతుర్ని దుప్పట్లో ఉయ్యాలలా చుట్టి తూస్తే పదిహేడు, అది మధ్యలో లేచి "మళ్ళీ ఊపవా అమ్మా" అంది. అత్తగారి పరుపు ఎండకి వెయ్యడానికి పన్నెండు. గ్యాసు బండ తగిలిస్తే త్రాసు అంకెలు చూపించడం మానేసి గీతలు చూపించింది. కూతురి పుస్తకాల సంచీ మూడున్నర. వరసగా రాసుకుంటూ వస్తే కెమెరాలు కిందినుంచి రెండో వరసలో ఉన్నాయి, అదీ వారానికి ఒకటి రెండు రోజులు. ఆమె కాగితం ముందు పెట్టుకుని వంటింట్లో నేలమీదే కూర్చుండిపోయింది. వాళ్ళు అన్నారని కోపం కాదు. ఏడేళ్ళుగా తను కూడా నమ్మింది. ప్రతి నొప్పికీ కెమెరానే తిట్టుకుంది, రెండు పెళ్ళిళ్ళు వదులుకుంది కూడా. ఇష్టపడి ఎత్తే ఒక్క బరువునీ దొంగని చేసి నిలబెట్టింది. తన తెలివితక్కువతనానికి తనకే ఏడుపొచ్చింది.

రెండోసారి ఒక్కతే వెళ్ళింది. ఫిజియో కాగితం చదివి, పట్టీలు వేసుకుని చూపించమంది, చుట్టూ తిరిగి చూసింది. "ఇది సరిగ్గా ఉంది, ఇలాగే మొయ్యండి. మిగతావి మూడు నెలలు ముట్టుకోవద్దు. ఇలాగే సాగితే ఆ చెయ్యి భుజం దాటి లేవదు, అప్పుడు కెమెరా కంటిదాకా రాదు," అంటూ ఎర్ర పెన్నుతో ఒక్కొక్క వరసా కొట్టేసింది. "ఇంట్లో ఎత్తేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"ఉన్నారండీ. వారానికి నాలుగు రోజులు జిమ్ముకెళ్ళి, డబ్బు కట్టి మరీ ఇనప బరువులు ఎత్తి వస్తారు."

ఇంటి మెట్లెక్కుతుండగా ఫోను మోగింది. ఆదివారం పెళ్ళికూతురు. "అక్కా, ఎలా ఉన్నారు? పొద్దున సార్ అమ్మకి ఫోన్ చేశారు. మీకు బాగాలేదు, రాలేరు, ఇంకెవర్నైనా చూసుకోమన్నారు. ఇంకొకాయన వస్తానన్నారు గానీ, నాకు మీరే కావాలి. సాయంత్రంలోపు ఏదో ఒకటి చెప్పేయాలంటోంది అమ్మ."

మెట్ల మధ్య ఆమె అలాగే నిలబడిపోయింది. ఫ్రిజ్ మీద అంటించిన పెళ్ళిళ్ళ కాగితంలోంచి నంబరు చూసుకుని ఉంటాడు. నీళ్ళు అయిపోయాయని చెప్పినంత తేలిగ్గా చెప్పి ఉంటాడు. "పది నిమిషాల్లో నేనే ఫోన్ చేస్తాను తల్లీ. ఆ ఇంకొకాయనకి అప్పటిదాకా ఏమీ చెప్పకండి," అంది.

లోపల భర్త, అత్తగారు టీవీ ముందు ఉన్నారు.

"ఆదివారం పెళ్ళికి నేను రానని చెప్పారట?"

"నీ మంచికేగా. నువ్వెలాగూ చెప్పలేవని నేనే చెప్పాను," అన్నాడు భర్త, కళ్ళు టీవీ మీదే ఉంచి. "డాక్టరమ్మ బరువులు ఎత్తొద్దనే అంటుంది, నాకు తెలుసు."

"అంది. రాసి కూడా ఇచ్చింది."

కాగితం అందుకుని గెలిచినవాడిలా చదవడం మొదలుపెట్టాడు. సగం దాకా వచ్చి ఆగాడు. మళ్ళీ పైనుంచి చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. "కెమెరాలేవీ?"

"కిందికి రండి. కొట్టెయ్యకుండా వదిలేసినది అదొక్కటే."

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితంలోకి తొంగి చూసింది. "క్యాను ఇరవై కిలోలా? మా రోజుల్లో ఇలా తూచుకుంటూ కూర్చోలేదమ్మా," అంది, తన భుజం తనే నొక్కుకుంటూ.

"నేను ఆదివారం పెళ్ళికి వెళ్తున్నాను," అంది ఆమె. "ఎర్రగీత పడినవి ఇవాళ్టి నుంచి ఎత్తను. మూడు నెలల తర్వాత సంగతి అప్పుడు చూద్దాం."

భర్త కాగితం చేత్తో పట్టుకుని వంటింటి వైపు చూశాడు, మేడ మెట్ల వైపు చూశాడు, చివరికి ఆమె వైపు చూశాడు. నిజంగానే అర్థం కానివాడిలా అడిగాడు.

"మరి ఇవన్నీ ఎవరు ఎత్తుతారు?"

తొమ్మిదేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఒకరు అడగడం అదే మొదటిసారి. జవాబు ఆయన్నే వెతుక్కోనిచ్చి, ఆమె పెళ్ళికూతురికి ఫోన్ కలిపింది.