టమాటాలకు కుట్లు

సోఫా మేస్త్రీకి లోకం మీద ఉన్న కోపాలన్నీ ఒక ఎత్తు, క్యారెట్ టీచరమ్మ మీద ఉన్న కోపం ఒక్కటీ ఒక ఎత్తు.

ఆవిడ అతని దుకాణం మీది గది అద్దెకు తీసుకుని ఏడాదిన్నర అయింది. అంతవరకూ అతని పైకప్పు పైకప్పులాగే ఉండేది. ఇప్పుడు సాయంత్రం ఐదు కొట్టగానే పన్నెండుమంది పిల్లలు మెట్లెక్కుతారు. ఇంగ్లీషు నేర్చుకోవడానికట. చదువంటే కూర్చుని చదివేదనుకునేవాడు మేస్త్రీ. ఈవిడ పద్ధతి వేరు. మాట నోటికి రావాలంటే ముందు ఒంటికి రావాలంటుంది. గెంతడం అనే మాట నేర్పాలంటే గెంతిస్తుంది, పరుగు అనే మాటకి గదిలో చుట్లు తిప్పిస్తుంది. పన్నెండుమంది ఒక్కసారి గెంతితే పైకప్పు సున్నం పొట్టు పొట్టుగా రాలి, కింద అప్పుడే జిగురు పూసిన స్పాంజి మీద పడేది.

"ఏంటి మేస్త్రీ, సోఫాకి పౌడరు రాశావా?" అనేవాళ్లు వచ్చినవాళ్లు.

పైగా ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక క్యారెట్. మెట్ల మీద కొరుకుతుంది, వీధిలో కొరుకుతుంది, కొరుకుతూనే జనానికి ఆరోగ్యం చెబుతుంది.

"మేస్త్రీగారూ, రోజుకి టీలు ఎన్ని తాగుతారు?"

"లెక్కపెట్టలేదమ్మా. గ్లాసులు కొట్టువాళ్లే పట్టుకుపోతారు."

ఈ మాటకి ఎదురుగా గడియారాలు బాగుచేసే వాచీల బావ పడీపడీ నవ్వేవాడు. వాచీల బావకి మేస్త్రీతో చుట్టరికమేమీ లేదు. ఇరవై ఏళ్లుగా ఎదురెదురు దుకాణాల్లో కూర్చుని ఒకరినొకరు తిట్టుకోగా తిట్టుకోగా బావలయ్యారు.

అంతటితో ఆగినా బాగుండేది. క్లాసు వదిలాక పిల్లలు ఒక్కొక్కరే దిగుతూ, పాఠం మరిచిపోకుండా ఉండటానికి, కనబడ్డవాడినల్లా ఇంగ్లీషులో నీ హాబీ ఏమిటని అడిగేవాళ్లు. ముందు కనబడేవాడు మేస్త్రీయే. రోజుకి పన్నెండుసార్లు ఒకే ప్రశ్న. వాళ్లలో ఒకతి అతని సొంత కూతురు.

"హాబీ అంటే ఏంటే?" అని ఒకరోజు కూతుర్ని అడిగాడు.

"ఖాళీ ఉన్నప్పుడు ఇష్టంగా చేసే పని నాన్నా."

"దానికి ఇంగ్లీషెందుకే? నిద్ర."

ఐదో తరగతిలో బడి మానేసి దబ్బనం పట్టినవాడు మేస్త్రీ. దబ్బనం గుచ్చుకుంటే ఏ దేశంవాడైనా అమ్మా అనే అంటాడు, మధ్యలో ఈ ఇంగ్లీషెందుకు అన్నది అతని సిద్ధాంతం. కానీ ఇంట్లో సిద్ధాంతాలు ఇల్లాలివే చెల్లుతాయి. పిల్లని పై గదిలో చేర్చింది ఆవిడే. కారణం ఉంది. ఆ పిల్లకి తొమ్మిదేళ్లు. ఇంట్లో పిచికలా కిచకిచలాడుతుంది, అందుకే పిచిక అని పేరు పడింది. గడప దాటితే మాత్రం మాట పెగలదు. బడిలో దాహమేసినా అడగదు. పోయినేడు టీచరు పేరడిగితే చెప్పలేక, పక్కపిల్ల పుస్తకం మీది పేరు చూపించి కూర్చుంది. ఏడాదంతా ఆ పేరుతోనే పిలిచారు, దీనికి కాదనే ధైర్యం కూడా లేకపోయింది.

టీచరమ్మకి ఇంకో నియమం ఉంది: రాసింది చూపించాలి. నేర్చుకున్న మాటలతో పిల్లలు తమ ఇంట్లో ఒకరి గురించి పేజీ రాయాలి. పెద్దవాళ్లు చదివి సంతకం పెట్టాలి. వాటిలో మంచి పేజీ గోడెక్కుతుంది. శనివారం క్లాసంతా వాళ్లింటికి వెళ్లి, రాసిందంతా కళ్లతో చూసి వస్తారు. చూపించగలిగితే ఆదివారం లైబ్రరీ హాల్లో నలుగురి ముందూ ఆ పిల్లే చదవాలి. చూపించలేకపోతే పేజీ గోడ దిగుతుంది.

ఆ వారం పాఠం మంచి అలవాట్లు, హాబీలు. పిచిక కాగితం తెచ్చింది. మేస్త్రీ పళ్ల మధ్య రెండు మేకులు పెట్టుకుని మూడోది కొడుతున్నాడు.

"చదివి సంతకం పెట్టాలి నాన్నా."

"చదివాన్లే," అని మేకుల సందుల్లోంచి గొణిగి, తిరగేసి ఉన్న కాగితం మీదే సంతకం పెట్టేశాడు.

గురువారం పొద్దున టీచరమ్మ దుకాణంలోకే వచ్చింది. చేతిలో క్యారెట్, మొహమంతా వెలుగు.

"మీరింత గొప్పవారని నాకు తెలీదండీ మేస్త్రీగారూ!"

మేస్త్రీ ఒక అడుగు వెనక్కి వేశాడు. తనని ఎవరైనా పొగిడితే వెనకాల ఏదో పని ఉంటుందని యాభై ఏళ్ల అనుభవం.

"టీ మానేసి మూడేళ్లయిందట కదా! నేనడిగితే వేళాకోళమాడారు గానీ, అసలు చెప్పనేలేదు!"

చేతిలోని టీ గ్లాసు తనంతట తానే సోఫా చట్రం వెనక్కి వెళ్లిపోయింది.

"రోజూ తెల్లారి తాడాట యాభై గెంతులా! దుకాణం వెనక టమాటా తోట కూడానా! శనివారం పిల్లలందర్నీ తీసుకొస్తాను. అన్నట్టు, నిన్న మీ అమ్మాయి ఆ పేజీ ఎలా చదివిందో తెలుసా? నా దగ్గర చేరాక నోరు విప్పడం అదే మొదలండీ. గొంతు కిందివరకూ వినబడలేదూ?"

వినబడింది. ఎవరి పిల్లో గొంతు చించుకుంటోందని విసుక్కున్నాడు. అది తన పిచికేనా! మేస్త్రీ నోరు తెరిచాడు, ఇదంతా అబద్ధమని చెబుదామనే తెరిచాడు. ఆ నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఏదో... చిన్న తోటండి," అని.

ఎదురుగా వాచీల బావ కంటికున్న భూతద్దం జారి ఒళ్లో పడింది.

మధ్యాహ్నం అన్నం దగ్గర పంచాయితీ మొదలైంది.

"ఎందుకే అన్ని అబద్ధాలు?"

"అబద్ధాలు కాదు నాన్నా. పాఠంలో ఉన్న మాటలతోనే రాయాలి. నువ్వు చేసేవి పాఠంలో లేవు. కునుకు లేదు, టీ కొట్టు లేదు, వాచీల మామయ్యతో పోట్లాట లేదు. ఉన్నవి తోటపని, తాడాట, ఈత. ఈతకి మనకి నీళ్లు లేవని రాయలేదు. నిజమే రాయాలి కదా?"

"మరి మీ అమ్మ గురించి రాసి ఏడవొచ్చుగా?"

"హాబీ అంటే ఖాళీ ఉన్నవాళ్లకి నాన్నా. అమ్మకి ఖాళీ ఏదీ?"

ఇల్లాలు నవ్వలేదు. గరిటె మాత్రం గిన్నెకి రెండుసార్లు గట్టిగా తగిలింది. మేస్త్రీ తలొంచుకుని తిన్నాడు. తిన్నాక, "పోనీ, టీచరమ్మకి నిజం చెప్పేద్దామే," అన్నాడు. పిచిక గడప అవతల ఎలా ఉంటుందో అలా అయిపోయింది, ఇంట్లోనే.

అది చూసి మేస్త్రీ చేయి కడుక్కుని నేరుగా పెరట్లోకి నడిచాడు.

దుకాణం వెనకే ఇల్లూ పెరడూ. పెరడంటే అతని కొట్టుగదే. ఇచ్చినవాళ్లు తీసుకుపోని సోఫా చట్రాలు, కాళ్లు విరిగిన కుర్చీలు, స్ప్రింగుల గుట్ట, ఎలకలు కాపురమున్న పరుపులు. శుక్రవారం పొద్దున్నించీ వాటిని గోడవారకి తోసి, ఆరడుగుల పొడవు నేల తవ్వాడు. ఊరి చివర మొక్కలమ్మేవాడి దగ్గర టమాటా మొక్కలు ఎనిమిది తెచ్చి నాటాడు. మొక్కలైతే ఉన్నాయి, కాయలు లేవు. తోటన్నాక ఒక్క కాయైనా లేకపోతే ఎలా? బజారుకి వెళ్లి కిలో టమాటాలు తెచ్చాడు.

అక్కడినుంచీ అతను తోటమాలి కాదు, మేస్త్రీ. సన్నటి సూదిలో ఆకుపచ్చ దారం ఎక్కించి, తొడిమకీ కొమ్మకీ కలిపి, సోఫా చేతుల కింద వేసే దొంగకుట్టు వేశాడు. ముడి లోపలికి, దారం ఆకు కిందికి. నలభై ఏళ్లలో ఏ పెళ్లివారి సోఫాకీ అంత శ్రద్ధగా కుట్టలేదు. పనిలో పడి ఆ రోజు టీ సంగతే మరిచిపోయాడు.

వాచీల బావ గోడ మీంచి తొంగి చూశాడు. "ఏం బావా, టమాటాలకి ఆపరేషనా? బతుకుతాయంటావా?"

"నోరు మూసుకో, దానికీ వేస్తా రెండు కుట్లు."

"చెల్లెమ్మా, చూశావా? నీ మొగుడికి చివరికి హాబీ దొరికింది!"

"కూరలోకి రెండు మిగల్చమనండి అన్నయ్యా," అంది ఇల్లాలు లోపల్నించి.

శనివారం క్లాసు దిగింది. ముందు టీచరమ్మ, వెనక పన్నెండుమంది, అందరికంటే చివర పిచిక. పిల్లల్లో అందరికంటే ముందు రెండు జడల పిల్ల, చేతిలో పేజీ, చెవిలో పెన్సిలు. చూసినదాని పక్కన టిక్కు పెట్టడం ఆ పిల్ల పని. పెద్దయితే ఏ తనిఖీ ఆఫీసులోనో చేరి జనాన్ని ఏడిపిస్తుందని మేస్త్రీ అప్పుడే తేల్చేశాడు.

మొదట తాడాట. మేస్త్రీ లుంగీ పైకి కట్టి గెంతాడు. పిల్లలు ఇంగ్లీషులో లెక్కపెట్టారు. ఏడు దాకా మనిషిలా గెంతాడు. పన్నెండుకి మోకాళ్లు పలకడం మొదలుపెట్టాయి. పద్దెనిమిదికి తాడు కాళ్లకి చుట్టుకుని, అదృష్టంకొద్దీ తను బాగుచేసిన సోఫాలోనే పడ్డాడు.

"మిగతావి... పొద్దున్నే... అయిపోయాయి," అన్నాడు రొప్పుతూ.

రెండు జడల పిల్ల టీచరమ్మ వంక చూసి, సగం టిక్కు పెట్టింది.

సరిగ్గా అప్పుడే ఎదురునుంచి కేక: "బావా! నీ నాలుగో టీ చల్లారిపోతోంది!"

"ఆయనకి మతిమరుపండీ," అన్నాడు మేస్త్రీ. "తనది నాదనుకుంటాడు."

పెరట్లో తోట చూడగానే పిల్లలు ఓ అని అరిచారు. నిజంగానే బాగుంది. ఎనిమిది మొక్కలు, పదమూడు టమాటాలు, ఎర్రగా, నిగనిగలాడుతూ. బాగుండటంలోనే వచ్చింది చిక్కు. రెండు జడల పిల్ల వంగి చూసింది.

"అంకుల్, అన్నీ ఒకే సైజులో ఉన్నాయేంటి?"

"మంచి జాతి అమ్మా."

"పచ్చికాయ ఒక్కటీ లేదేంటి?"

"క్రమశిక్షణ."

"ఒకటి కోసుకోనా?" అని, సమాధానం రాకముందే పట్టుకుని లాగింది.

దొంగకుట్టు తెగలేదు. అది మేస్త్రీ కుట్టు, మనుషులు కూర్చున్నా తెగదు. మొక్కే వేళ్లతో సహా లేచొచ్చింది. పిల్ల ఇంకోసారి లాగింది. పక్క మొక్క కూడా వచ్చింది. పని జోరులో మేస్త్రీ రెంటినీ ఒకే దారంతో కుట్టేశాడు మరి. రెండు మొక్కలూ, మూడు టమాటాలూ, జానెడు ఆకుపచ్చ దారమూ గాలిలో వేలాడాయి.

టీచరమ్మ క్యారెట్ కొరకడం మానేసింది. రెండు జడల పిల్ల చెవిలోంచి పెన్సిలు తీసి, పేజీ మీద పెద్ద అడ్డగీత గీయబోయింది.

"ఆగు," అంది ఒక గొంతు.

అందరూ వెనక్కి తిరిగారు. పిచిక.

మొహం తెల్లగా పాలిపోయి ఉంది, గౌను కొస పిడికిట్లో నలుగుతోంది. అయినా ముందుకి వచ్చి ఇంగ్లీషులో మాట్లాడింది. చదవడం కాదు, మాట్లాడింది. మాటకి మాటకి మధ్య ఒక బండి తోలొచ్చు, కానీ మాట వెనక మాట వచ్చింది. మేస్త్రీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. టీచరమ్మ మొహం చూస్తూ నిలబడ్డాడు. ఆ మొహం ముందు ముడుచుకుంది, తర్వాత నవ్వు ఆపుకుంది, చివరికి కళ్లు తుడుచుకుంది.

"ఏమంటోందమ్మా?" అని గొణిగాడు.

"పేజీలో తప్పు తనదేనట. మీరు చదవకుండానే సంతకం పెట్టారట."

"అది చెప్పాలా దానికి!"

"మా నాన్నకి తోటపని రాదు, కుట్టడం వచ్చు, నా కోసం నిన్నంతా టీ తాగకుండా టమాటాలు కుట్టాడు అంటోంది. ఈ పేజీ తీసేసి, ఈ నిజం రాసి చదువుతానంటోంది."

మేస్త్రీ వంగి, ఊడొచ్చిన మొక్కల్ని మళ్లీ నేలలో గుచ్చాడు.

పిచిక ఇంకా ఆపలేదు. ఏడాదిగా దాచుకున్నదంతా అప్పుడే ఖర్చుపెట్టేస్తున్నట్టు, చేయి చాపి పెరడంతా చూపిస్తూ ఇంకో రెండు మాటలంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఇదేంటమ్మా మళ్లీ?"

"రాసింది చూపించాలి కదండీ," అంది టీచరమ్మ, మళ్లీ క్యారెట్ అందుకుంటూ. "అందుకని నిజం తోటే వేద్దామంటోంది. ఈ పెరడంతా మా నాన్న మనకి ఇచ్చేస్తాడు, రోజూ అందరం వచ్చి తవ్వుదాం, నీళ్లు పోద్దాం అంటోంది. మీరు మాటిస్తే రేపు హాల్లో చదవనిస్తాను. మీకు సమ్మతమేనా?"

మేస్త్రీ చట్రాల వంక చూశాడు, స్ప్రింగుల గుట్ట వంక చూశాడు. మధ్యాహ్నం కునుకు తీసే పరుపు వంక ఇంకొంచెం ఎక్కువసేపు చూశాడు. ఇవన్నీ ఎక్కడ పెట్టుకోవాలి, నెత్తి మీదా? పోనీ ఆరడుగులు చాలవా అని బేరమాడదామనుకుని కూతురి వైపు తిరిగాడు. ఆ పిల్ల తోటి పిల్లల మధ్యలో నిలబడి, మాట బయటపడ్డాక ఇంకా మూసుకోని నోటితో, అతన్నే చూస్తోంది.

"తీసుకుని తగలడండి," అన్నాడు.

ఆదివారం పిచిక హాల్లో చదివింది. టమాటాల దగ్గర జనం ఎంత నవ్వారంటే పిల్ల రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. వెనక వరసలో వాచీల బావ అందరికీ మేస్త్రీని వేలుపెట్టి చూపించాడు.

సోమవారం పొద్దున్నే రెండు జడల పిల్ల మేస్త్రీ టేపుతోనే పెరడు కొలిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, ఆకుపచ్చ దారం కట్టింది. గోడవారని ఒక్క కుర్చీకైనా చోటు వదలమని మేస్త్రీ బతిమాలితే, అక్కడ పాలకూర వస్తుంది అంకుల్ అంది. పోయింది మొత్తం పద్దెనిమిది అడుగుల పొడవు, పదకొండు అడుగుల రెండు అంగుళాల వెడల్పు.