ఎర్ర చుక్క డిష్‌లు

నాలుగోసారి కూడా తెర మీది గ్రాఫులో రెండు స్తంభాలూ ఒకే ఎత్తులో నిలబడ్డాయి. నాకు పిచ్చెక్కినంత పనైంది.

మూడేళ్ళుగా నరాల కణితి నుంచి తీసిన కణాలను డిష్‌లలో పెంచుతున్నాను. సోడియం లోపలికి పోవడానికి ఆ కణాల పొరలో సన్నటి దారులుంటాయి. ఆ దారులను తయారుచేసే జన్యువు మా మందు వేస్తే మూడింతలు పనిచేస్తుందన్నదే నా థీసిస్. మందు వేసిన డిష్‌ల మూత మీద ఎర్ర చుక్క పెడతాను. పోయిన ఏడాదంతా చుక్క ఉన్నవి మూడింతలు చూపించాయి. ఈ నెలలో ఒక్కసారీ చూపించలేదు. సోమవారం థీసిస్ ఇవ్వాలి.

మందు సీసా మార్చాను, కొలిచే యంత్రం మార్చాను, చివరికి గ్లవ్స్ కూడా మార్చాను. "నీ చేతిలోనే ఏదో తేడా ఉందమ్మా" అన్నాడు గైడ్. పోయిన ఏడాదీ ఇదే చేయి కదా అని అడగాలనిపించింది. పోయిన ఏడాది నిజమో ఈ నెల నిజమో నాకే అంతుబట్టడం లేదు.

కణాలు పెంచే కల్చర్ గదిలో వాటికి తిండి మార్చే ఆవిడను అందరం పిన్ని అంటాం. ఇరవై ఏళ్ళ సర్వీసు. కూతురి పురుడికని నెల సెలవు పెట్టి ఆ రోజే వచ్చింది. ఆ నెలంతా తిండి నేనే మార్చాను. వస్తూనే ఎర్ర చుక్క డిష్ ఒకటి మైక్రోస్కోప్ కింద పెట్టి చూసింది.

"ఇదేంటమ్మా, వీటికి కూడా సీరం పోశావా?"

"పోయకుండా ఎలా పిన్నీ? అది లేకపోతే ఎలా పెరుగుతాయి? అన్నిటికీ ఒకటే తిండి కదా."

"మందు పడ్డవాటికి ఎవరైనా అంత బలమైన తిండి పెడతారా? పథ్యం ఉండొద్దూ? నేనైతే సీరం కలపను. రాశాను కూడా."

రాసింది. గోడకు వేలాడే రిజిస్టరులో, ప్రతి తేదీ పక్కనా చివరి గడిలో, గుండ్రటి అక్షరాలతో: ఎర్ర చుక్క, సీరం లేదు. ప్రతి పేజీ కిందా నా సంతకం. తిండి మార్చేవాళ్ళు రాసేదాంట్లో ఏముంటుందిలే అని ఆ గడి వైపు ఎన్నడూ చూడలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

దూడ రక్తం నుంచి తీసే ఆ సీరం అందకపోతే ఈ కణాలు పెరగడం మానేసి, తోకలు చాచి అసలు నరాల్లా తయారవుతాయి. ఆ జన్యువూ జోరందుకుంటుంది. కొత్తగా చేరిన పిల్లలకు ఈ పాఠం చెప్పేది నేనే. తోకలు కనిపించినప్పుడల్లా మందు మహిమ అని మురిసిపోయిందీ నేనే.

"తప్పు చేశానా?" అంది పిన్ని.

"మందు ఏ పనీ చేయలేదు పిన్నీ."

"మరి పోయిన ఏడాది?"

"అది నీ పథ్యం."

ఆవిడ రిజిస్టరు వైపు చూసింది, నా వైపు చూసింది. "అన్నిటికీ సంతకం పెట్టావు కదమ్మా" అంది. నిలదీయడం కాదది. నిజంగానే అర్థం కాక అడిగింది.

రిజిస్టరు మేకు నుంచి తీసి గైడ్ గదికి పట్టుకెళ్ళాను. మొదటి పేజీ తెరిచి, చివరి గడిలో ఉన్నది పైకి చదివాను.