తుంగ మొలిచిన ప్లాటు

వంకలో ప్లాట్లు వేశారని విన్నప్పుడు లింగప్ప నవ్వలేదు, ఉమ్మేశాడు. ఊర్లోనే కాపురమున్న కూతురు వనజాక్షి అందులో ఒకటి కొనబోతోందని తెలిశాక, గడ్డపార భుజాన వేసుకుని మిట్ట దిగాడు.

ఊరంతా మిట్ట మీదే ఉంది. తాత కాలంలో వంక పొంగి ఇళ్లను ఈడ్చుకుపోతే జనం ఆ రాళ్లమీదికి ఎక్కారు. తర్వాత వంక ఎండింది. ఇసుక కూడా లారీల్లో పోయింది. ఇప్పుడక్కడ తెల్లరాళ్లు పాతి, జెండాలు కట్టి, షామియానా కింద మజ్జిగ పోస్తున్నారు. ఒక్క గ్లాసు తాగితే చాలు, ఈ జనానికి తాతలు గుర్తుండరు.

"రా పెద్దాయనా, మజ్జిగ తాగు" అన్నాడు ప్లాట్లమ్మే ఓబులేష్.

"నువ్వే తాగప్పా. వంకలో ఇండ్లమ్మేవానికి గొంతు ఎండుతాది."

"వంక పారి నలభై ఏండ్లయింది కదన్నా!"

"దానికి నీ కాగితాలు చదివేది రాదులే."

లింగప్ప, కింద తడి ఉంటేనే మొలిచే తుంగ కనబడ్డ చోటు చూసి గుంత తవ్వాడు. రెండేళ్లుగా పైచెరువుకు కాలువ నీళ్లు వస్తున్నాయి. ఊట కిందికి దిగుతుందని ఒక్కడికీ తోచలేదు. నడుము లోతు పోకముందే మట్టి నల్లబడింది, నీళ్లు ఊరాయి.

"చూడండి. ఈడ గోడ లేపితే పునాది నాని కుంగుతాది. వాన పడితే మీ మంచాలు తేల్తాయి."

"నీళ్లు!" అని అరిచాడు ఈరప్ప. మూడు బోర్లు వేసి దుమ్ము చూసినవాడు. "మూడడుగులకే నీళ్లు పడినాయిరో!"

అంతే. అందరూ ప్లాటు మాకంటే మాకని ఓబులేష్ మీద పడ్డారు. గుంత పక్క ప్లాటు కోసం ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. వీళ్లకా తను చెప్పొచ్చింది!

జనంలోంచి వచ్చిన వనజాక్షి గుంతలో చెయ్యి ముంచి మొహం కడుక్కుంది.

"నీకూ బుద్ధి లేదామ్మే?"

"వానొస్తే ఏమయితాదో నాకు తెల్దు నాయనా. నీళ్లు లేకుంటే ఏమయితాదో తెలుసు. అమ్మ కింది బోరింగు కాన్నుంచి ముప్పై ఏండ్లు మిట్ట మీదికి బిందెలు మోసింది. ఆఖరికి ఆ మిట్ట ఎక్కుతానే కూలి పానం ఇడిసింది. నువ్వు ఒక్క దినమన్నా బిందె ఎత్తినావా?"

ఓబులేష్ నవ్వుతున్నాడు. ఆ నవ్వును లింగప్ప చచ్చేదాకా క్షమించడు.

గడ్డపారకు అంటిన మట్టి దులిపాడు.

"రొమ్మెత్తు పునాది వేయి. రాయితో. తక్కువైతే నీ గడప తొక్కను."

"అంతెత్తయితే మళ్లా ఎక్కేదేనా?"

"బిందె లేకుండా ఎక్కు" అని, వెనక్కి చూడకుండా మిట్ట దారి పట్టాడు.