పదకొండు కిలోలు

ఇరవై కిలోల ఇనుప రాళ్లు నాలుగు. చేతికొకటి చొప్పున రెండు విడతలుగా మూడో అంతస్తుకు మోసేసరికి కాటాల మేస్త్రీకి ఆయాసం ముంచుకొచ్చింది. లిఫ్టు లేక కాదు. దాని తలుపు మీద 'సభ్యులకు మాత్రమే' అని కాగితం అంటించారు. బరువు తగ్గాలని వచ్చేవాళ్లకు లిఫ్టు, బరువు మోసేవాడికి మెట్లు. ఈ తెలివితేటలకే సగం ఒళ్లు మండిపోయింది అతనికి.

ఏడాదికోసారి ఆ స్లిమ్మింగ్ సెంటర్లో మనుషుల్ని తూచే కాటాను పరీక్షించి, సరిగ్గా ఉంటే అంకెలు కనబడే దాని అద్దం పక్కనే తన పసుపురంగు సీలు అంటించి వెళ్లడం అతని పని. ఏడో తరగతిలో బడి మానేశాడు. అప్పట్నుంచి నలభై ఏళ్లుగా కాటాలతోనే కాపురం. ఆస్పత్రి కాటా, కూరగాయల కాటా, పాత ఇనుము కాటా, ఏదైనా సరే, తూకం తప్పుగా ఉంటే కన్నతండ్రి కొట్టయినా సీలు వేయడని పేరు.

తలుపు తీయగానే వెనీలా పొడి వాసన. దాని కింద చెమట వాసన. ఆ చెమటను కప్పడానికి కొట్టిన సెంటు వాసన. మూడూ కలిసి గొంతులో జిడ్డులా పేరుకున్నాయి. ఆ రోజే కొత్తగా చేరుతున్న ఒక లావుపాటాయనను కాటా ఎక్కిస్తున్నారు. మేస్త్రీ రాళ్లు పక్కన పెట్టి చతికిలబడ్డాడు.

"బూట్లు ఉండనీండి సార్, పర్లేదు" అంటున్నాడు కోచ్. ఒంటికి అతుక్కుపోయిన బనీను, పళ్లన్నీ బయటపెట్టే నవ్వు. "ఫోను, తాళాలు కూడా జేబులోనే ఉండనీండి. భోంచేసి వచ్చారుగా? మంచిది. ఈ నీళ్ల సీసా మొత్తం తాగేసి ఎక్కండి."

ఆయన గడగడా తాగి ఎక్కాడు. అంకె రాసుకున్నారు. తర్వాత తొంభై రోజులు పూర్తయిన ఒకావిడ వచ్చింది.

"ఏమీ తినలేదుగా మేడం? నీళ్లు కూడా? వెరీ గుడ్. చెప్పులు, గడియారం, గాజులు అన్నీ తీసేయండి."

మేస్త్రీ తల పక్కకు తిప్పుకున్నాడు. కాటాను మోసం చేసే కొట్లవాళ్లను అతను చాలామందిని పట్టుకున్నాడు. వీడు కాటాను ముట్టుకోకుండానే పని కానిచ్చేస్తున్నాడు.

కాటా ఖాళీ అయ్యాక రాళ్లు ఒకటొకటే ఎక్కించాడు. ఇరవై, నలభై, అరవై, ఎనభై. నాలుగు మూలలా జరిపి చూశాడు. గ్రాము తేడా లేదు. ముత్యంలాంటి కాటా. సీలు అంటించి, నడుం పట్టుకుని లేచి, ఎదురుగా గోడ చూశాడు.

గోడ నిండా ఫోటోలు. పైవరసలో, ఆ కాటా మీదే నిలబడి బొటనవేలు పైకెత్తి చూపిస్తున్న మనిషి అతని అక్క. కింద ఎర్రటి అక్షరాలు: 'అరవై ఏళ్లు, తొంభై రోజులు, పదకొండు కిలోలు.' ఆమె పాదాల దగ్గర అతను నిరుడు అంటించిన సీలు స్పష్టంగా కనబడుతోంది.

అక్క చిక్కిపోయిందని అతనికీ తెలుసు. అడిగితే, "మీ బావ చాకిరీతో తగ్గాన్రా" అనేసింది. నిజమే అనుకున్నాడు.

"ఈవిడెవరు?" అన్నాడు, తెలియనట్టు.

"మా స్టార్ అన్నా. వచ్చే నెల పెద్ద మీటింగులో స్టేజీ ఎక్కి మాట్లాడుతుంది. మోకాళ్ల నొప్పులని వచ్చింది, ఇప్పుడు చూడు హీరోయిన్."

"ఏం పెట్టారేమిటి?"

"పొద్దున మా పొడి కలిపిన షేకు, రాత్రి ఇంకో షేకు. మధ్యలో ఆకులు. సింపుల్."

"మరి ఆ పదకొండులో కొవ్వెంత, కండెంత, నీళ్ల సీసా ఎంత?"

కోచ్ నవ్వులో ఒక్క పన్ను కూడా లోపలికి పోలేదు. "బరువు బరువే అన్నా. కాటా చెప్పింది, మేం రాశాం. అది కరెక్టేనని సీలు వేసింది నువ్వేగా."

వాడి మొహాన ఉమ్మేయాలనిపించింది మేస్త్రీకి. కానీ మాట నిజం. రాళ్లు ఎత్తుకుని మెట్లు దిగాడు.

*

అక్క ఇల్లు రెండు వీధుల అవతల. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని వెళితే మంచం పక్కన నేల మీద బావ పడుకుని ఉన్నాడు, తల కింద దిండు. పక్కనే గోడకు ఆనుకుని అక్క. పక్షవాతంతో కుడివైపు పడిపోయి బావకు రెండేళ్లు. రోజుకు రెండుసార్లు అతన్ని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మార్చేది అక్కే.

"రావోయ్ బావమరిదీ" అన్నాడు బావ, మాట కాస్త ముద్దగా. "నేల చల్లగా ఉంది. నువ్వూ నడుం వాల్చు."

"ఎంతసేపైంది?"

"గంట" అంది అక్క. "చెయ్యి జారిందిరా. జాగ్రత్తగా కిందికి దించగలిగాను, అంతే. లేపడం నావల్ల కాలేదు."

ఇద్దరూ కలిసి అతన్ని మంచం మీదికి చేర్చారు. అక్క వైపు బరువు అసలు లేవనే లేదు. జాకెట్టు చేతుల్లో ఆమె జబ్బలు ఖాళీ సంచుల్లా వేలాడుతున్నాయి. అవి చూసేసరికి అతనికి ఆ వెనీలా వాసన మళ్లీ ముక్కులోకి వచ్చింది.

"నీ ఫోటో చూశాను" అన్నాడు.

అక్క తల దించుకుంది. "బాగుందా?" అని అడిగింది.

"బుద్ధి ఉందా నీకు? ఊళ్లో ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

"డాక్టరు బరువు తగ్గమన్నాడు. నేనేం గుడ్డిగా చేరలేదురా. నాలుగు చోట్ల తిరిగాను. అక్కడ కాటా మీద నీ సీలు కనబడింది. మా తమ్ముడి చెయ్యి పడిన చోట మోసం ఉండదనుకున్నాను."

మేస్త్రీ గర్వంగా చెప్పుకునే పేరు తన అక్క జబ్బల్నే తినేసింది. తన చేతుల్ని చూసుకుంటే తనకే రోత పుట్టింది.

బావకు కసరత్తు చేయించే ఫిజియో అమ్మాయి వారానికోసారి వస్తుంది. అది ఆమె వచ్చే రోజే. జరిగింది విని బావను అటూ ఇటూ తిప్పి చూసింది, దెబ్బలేమీ లేవంది. తర్వాత అక్కను కుర్చీలో కూర్చోమంది.

"చేతులు గుండెల మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోండి ఆంటీ."

మూడోసారికి అక్క సగం లేచి కుర్చీలో కూలబడింది.

"బరువు తగ్గడం తప్పు కాదు" అంది అమ్మాయి. "మీ మోకాళ్లకు అవసరం కూడా. కానీ కడుపు మాడ్చుకుని, ఒంటికి బరువు పని చెప్పకుండా తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది. ఈ వయసులో పోయిన కండ అంత తేలిగ్గా తిరిగి రాదు. పూటపూటా గుడ్డో చేపో, పప్పు, పెరుగు తినాలి. రోజూ నడవాలి. వారానికి రెండు మూడుసార్లు బరువులు ఎత్తాలి, కొద్దికొద్దిగా పెంచుతూ."

"మళ్లీ లావైపోనూ?"

"కాటా మీద కాస్త పెరగొచ్చు."

అక్క మొహం చెంపదెబ్బ తిన్నట్టయింది. "మీటింగు అయ్యాక మొదలుపెడతాను. అరవై ఏళ్లలో నాకోసం ఎవరైనా చప్పట్లు కొట్టారా? వాళ్లు కొట్టారు."

అమ్మాయి బ్యాగులోంచి ఒక ఫారం తీసింది. "ఆంటీ, దాచడం నాకు చేతకాదు. ఇంకోసారి అంకుల్ జారితే తుంటి విరగొచ్చు. రెండు నెలలు చూస్తాను. అప్పటిదాకా తోడు లేకుండా ఆయన్ని ఎత్తకండి. అప్పటికీ మీరు ఎత్తలేకపోతే, ఇంట్లో చూసుకునే వీలు లేదని, రోగుల్ని చూసుకునే హోంలో చేర్చమని రాయాల్సి వస్తుంది."



"అక్కడ నేల కూడా చల్లగా ఉంటుందంటావా?" అన్నాడు బావ. ఆ మాటకు అక్క చీరచెంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాడు మేస్త్రీ మళ్లీ మూడంతస్తులు ఎక్కి ఫోటో తీసేయమన్నాడు. ఆవిడ సంతకం ఉంది, కుదరదన్నాడు కోచ్. సీలు పీకేద్దామని వంగాడు మేస్త్రీ. గోరు సగం దూర్చి ఆగాడు. కాటాలో తప్పు లేదు. తప్పు లేని కాటాకు సీలు పీకితే అదీ దొంగ తూకమే. వచ్చే ఏడాది నుంచి వేరేవాణ్ని చూసుకోమని చెప్పి దిగిపోయాడు. వెనకనుంచి కోచ్, "టేక్ కేర్ అన్నా" అన్నాడు.

*

హోం మాట విన్నాక మీటింగుకు అక్క వెళ్లలేదు. ఆ ఉక్రోషంతో నాలుగు రోజులు తమ్ముడితో మాట్లాడలేదు. అతను మాత్రం పొద్దున పనికి పోతూ, సాయంత్రం తిరిగొస్తూ బావను కుర్చీలోకి, మంచం మీదికి మార్చడానికి చెయ్యి వేసేవాడు. తన దగ్గరున్న రెండు కిలోల రాళ్లు, ఐదు కిలోల రాళ్లు తెచ్చి వాళ్ల వంటగదిలో పెట్టాడు. అక్క వాటిని తిట్టుకుంటూ ఎత్తేది, తమ్ముణ్ని తిట్టుకుంటూ దించేది. కుర్చీలోంచి లేవడం బావ లెక్కపెట్టేవాడు. కావాలని అంకెలు మింగి రెండు ఎక్కువ చేయించేవాడు. గుడ్ల వాసన పడక అక్క మొదట్లో ముక్కు మూసుకుని మింగింది. నెల తిరిగేసరికి కాటా రెండు కిలోలు ఎక్కువ చూపించింది. ఆ రోజు రాళ్ల జోలికి పోలేదు. మర్నాడు మాత్రం రాళ్ల దగ్గరికి తనే వెళ్లింది.

గడువు రోజున ఫిజియో అమ్మాయి ఫారం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మేస్త్రీ మంచం అవతల నిలబడ్డాడు, జారితే పట్టుకోవడానికి.

అక్క బావ నడుం చుట్టూ బెల్టు బిగించి, మోకాళ్లు వంచి, వీపు నిటారుగా పెట్టి లేవనెత్తింది. అతని ఎడమకాలు నేలకు ఆనింది. ఆమె మెడ నరాలు ఉబ్బాయి. మేస్త్రీ చేతులు చాచి అలాగే ఉండిపోయాడు. బావ నిలబడ్డాడు.

"చాలు ఆంటీ, కుర్చీలోకి తిప్పండి" అంది అమ్మాయి.

అక్క తిప్పలేదు. అలాగే పట్టుకుని నిలబడింది.

"దించవే" అన్నాడు బావ. "నేనేమన్నా జెండానా?"

"ఉండండి కాసేపు" అంది అక్క. పది దాకా తనే లెక్కపెట్టి, మెల్లగా తిప్పి, చప్పుడు కాకుండా కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మాయి ఫారం మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా మడిచి బ్యాగులో పెట్టేసింది.

అక్క చెమట తుడుచుకుంటూ తమ్ముడి వైపు మొహం చిట్లించి చూసింది.

"భుజాల దగ్గర బట్టలన్నీ బిగుతైపోయాయిరా. అంతా నీ నిర్వాకమే."